పదిహేనో విద్యార్థి

జనవరి 11
వాట్సన్‌విల్

పెద్దమ్మకు, నీకంటే ముందు ఈ కవరు విప్పి చదివే మదర్ బెనిగ్న గారికి,

ఎలిసేయో సాష్టాంగపడి సమర్పించుకునే క్షమాపణ పత్రం.

క్రిస్మస్‌కి ఉత్తరం రాయనందుకు క్షమించండి. డిసెంబరంతా తెరిపి లేకుండా కురిసిన వానకు, ఆ వానకు మీ మఠం దారిలో విరిగిపడ్డ కొండచరియకు, ఇక్కడ మునిగిపోయిన స్ట్రాబెర్రీ మళ్లకు, హవ్వ పండు కొరికినందుకు, ఆదాము వద్దనకుండా నమిలినందుకు, ఈ ఉత్తరంలో ముందుముందు రాబోయే ప్రతి వాక్యానికి క్షమించండి. ఇందులో ఏదీ నేను చేసింది కాదు. కానీ అడగబోయేది పెద్దదైనప్పుడు వంగడం కూడా బాగా కిందికి వంగాలని అమ్మ చెప్పింది.

విషయానికొస్తాను. రెండేళ్ల కాలేజీలో నాకిది నాలుగో ఏడు. ఇక్కడ రెండేళ్లు చదివి, ఆ మార్కులు చంకన పెట్టుకుని పెద్ద యూనివర్సిటీలో మూడో ఏడాదిలోకి దూకడం మా ఊరి పిల్లలందరి పథకం. దూకేముందు ఏయే క్లాసులు పూర్తిచేయాలో యూనివర్సిటీవాళ్లు ఒక పట్టిక ఇస్తారు. నేను ఆ పట్టికను గోడకి అంటించుకుని, రోజూ దణ్ణం పెట్టుకుని, తు.చ. తప్పకుండా పాటించాను. అది రెండేళ్ల కిందటి పట్టిక అని మొన్న నవంబరులో తెలిసింది. అప్పటికే బయోఇన్‌ఫర్మాటిక్స్ డిగ్రీకి దరఖాస్తు పెట్టేశాను. కొత్త పట్టికలో ఇంకో క్లాసు ఉంది, 'జీవశాస్త్రానికి ప్రోగ్రామింగ్' అని. ఈ వసంతంలో అది పూర్తిచేస్తేనే దరఖాస్తు చెల్లుతుంది.

మా కాలేజీలో ఆ క్లాసు ఒక్కటే నడుస్తుంది, అదీ ఆన్‌లైన్లో. ఫిబ్రవరి రెండు సాయంత్రం ఐదింటికి పదిహేను మంది లేకపోతే ఎత్తేస్తారు. ఇవాళ్టికి పదకొండు మంది ఉన్నాం. ఇది తప్పితే ఇంకో ఏడాది ఆగను, కోల్డ్ స్టోరేజీలో ఫోర్క్‌లిఫ్ట్ నడపడానికి చేరిపోతాను అని అమ్మకు మాటిచ్చేశాను. అమ్మ అడగలేదు. నేనే వీరుడిలా ఇచ్చాను.

అందుచేత మనవి ఏమిటంటే, నలుగురి కోసం ప్రార్థించు. ప్రార్థన ఆలస్యమయ్యేట్టుంటే మీ మఠంలో పద్దెనిమిది మంది ఉన్నారు కదా, వాళ్లలోంచి ఒక నలుగురిని పంపినా ఫరవాలేదు. కంప్యూటర్ రానవసరం లేదు, ఊపిరి ఉంటే చాలు.

నీ గదిలోనే పడుకుని, నీ దుప్పటే కప్పుకుని,
ఎలిసేయో


జనవరి 22
మఠం

ఎలిసేయో నాయనా,

నీ క్షమాపణ మదర్ బెనిగ్న రెండుసార్లు చదివారు. "ఈ అబ్బాయి ఇంకా ఏమీ చేయలేదు, చేయబోతున్నాడు" అన్నారు. మదర్‌కి వేళాకోళం తెలియదు. గోవా నించి వచ్చిన వేదాంతి ఒకాయన చెప్పిన జోకుకి ఆరేళ్ల కిందట ఒకసారి నవ్వారట, అదీ మర్యాదకి.

రెండేళ్ల చదువుకి నాలుగేళ్లంటే నాకేం ఆశ్చర్యం లేదు. నిన్ను బడికి తీసుకెళ్లినన్నాళ్లూ నాలుగు వీధుల దూరానికి ముప్పావుగంట పట్టేది. ప్రతి కుక్కనీ పలకరించాలి నీకు.

ఇంతకీ ఆ డిగ్రీ దేనికిరా? భోజనాల గదిలో ఇరవై నిమిషాలు మాట్లాడుకోనిస్తారు కదా, అప్పుడు సిస్టర్ ఫిలొమెనా అడిగింది. మఠం తరఫున బజారుకీ, పోస్టాఫీసుకీ వెళ్లేది ఆవిడే కాబట్టి లోకం విషయాలు ఆవిడకి కావాలి. స్ట్రాబెర్రీ మొక్కని చంపే బూజు లోపల దాని జాతకం రాసుంటుందని, దాన్ని కంప్యూటర్‌తో చదివించడం నేర్చుకుంటాడని చెప్పాను. సరిగ్గానే చెప్పానా? పద్దెనిమిదేళ్లు పొలంలో ముఠామేస్త్రీగా చేసినదాన్ని. బయటి ఆకులు ఎండి, నడిమి ఆకులు పచ్చగా నిలబడితే ఆ మొక్క అయిపోయినట్టేనని చూడగానే చెప్పేదాన్ని. ఎందుకని మాత్రం ఎవరూ నాకు చెప్పలేదు.

ప్రార్థిస్తున్నాం. మిగతా మనవి మదర్ గారి పరిశీలనలో ఉంది.

నీ పెద్దమ్మ,
సిస్టర్ ఇనెస్


ఫిబ్రవరి 4
వాట్సన్‌విల్

పెద్దమ్మా,

క్లాసు బతికింది. ఎలా బతికిందో చెప్తాను, కూర్చో. మోకాళ్లమీద ఉంటే అలాగే ఉండు.

సోమవారం పొద్దున పదమూడు మంది. మధ్యాహ్నానికి పద్నాలుగు. ఆ తర్వాత ఆ అంకె కదలదు. ఆ రోజు మా ఇంట్లో పండగ కూడా, పొత్తు ఆకుల్లో పిండి చుట్టి ఉడికించే తమాలే పండగ. జనవరిలో ముగ్గురు రాజుల పండగకి కోసిన రొట్టెలో దాచిన బొమ్మ నా ముక్కలోనే వచ్చింది, బొమ్మ వచ్చినవాడే పెట్టాలి కాబట్టి అందరికీ తమాలే పెట్టాల్సిన పాపాత్ముణ్ణి నేనే. ఒక చేత్తో మొక్కజొన్న పొత్తు ఆకులు విప్పుతూ, ఇంకో చేత్తో ఫోన్ నొక్కుతూ నిలబడ్డాను. నాలుగున్నరకి పద్నాలుగు. నాలుగూ నలభైకి పద్నాలుగు. అమ్మ నావైపు చూసి సాల్సా పచ్చడి గిన్నె కడిగిందే కడిగింది. ఐదుకి పది నిమిషాలుందనగా పదిహేను అయింది. ఎవరో తెలియదు. ఈ క్లాసులో మాకు పేర్లు చూపరు, అంకె మాత్రమే కనిపిస్తుంది. ఆ పుణ్యాత్ముడు ఎవరైనా సరే, నా మొదటి బిడ్డకి వాడి పేరు పెడతాను.

కానీ ఇంకో గండం. మా కాలేజీలకి ఇప్పుడు దయ్యాల బెడద. నవ్వకు, అధికారికంగానే 'దయ్యపు విద్యార్థులు' అంటారు. ఎక్కడో కూర్చున్న మోసగాళ్లు లేని మనుషుల పేర్లతో క్లాసుల్లో చేరి, విద్యార్థులకిచ్చే సహాయం కొట్టేసి మాయమవుతారు. కిందటేడాది ఒక క్లాసులో నలభైమంది ఉంటే ఇరవై ఆరుగురు దయ్యాలట. అందుకని ఇప్పుడు వేట మొదలుపెట్టారు. చేరినవాళ్లు హోంవర్క్ పంపాలి, మాస్టారికి జవాబివ్వాలి. లేకపోతే పేరు కొట్టేస్తారు. మా పదిహేనుమందిలో దయ్యం ఉంటే క్లాసు ఏమవుతుందో మాస్టారిని అడిగాను. "తెలియదు, డీన్ చేతుల్లో ఉంది" అన్నారు.

కాబట్టి ప్రార్థన మార్చండి. చేరినవాళ్లంతా మనుషులే అయ్యుండాలని.

ఎలిసేయో


ఫిబ్రవరి 15
మఠం

ఎలిసేయో,

బుధవారం నుంచి నలభై రోజుల తపస్సు కాలం. ఈస్టర్ దాకా ఇక్కడినుంచి ఉత్తరం బయటికి రాదు, వచ్చినవి మదర్ గారి సొరుగులో ఉంటాయి. నీకు తెలిసిందే. రాయాలనిపిస్తే రాయి, ఏప్రిల్‌లో చదువుకుంటాను.

నీ దయ్యాల సంగతి మదర్ గారికి చదివి వినిపించాను. పవిత్రజలం సీసా పంపమంటావేమో కనుక్కోమన్నారు. మళ్లీ చెప్తున్నాను, వేళాకోళం కాదు.

పంపినవి అందాయని మీ అమ్మకి చెప్పు. ఏం పంపిందని అడక్కు, అది ఆడవాళ్ల సంగతి. ఈస్టర్‌కి నీకో మాట చెప్తాను. పెద్దదేం కాదు.

ఒక సందేహం ఉంది. ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తూ పోతున్నాం అనుకో. ఎక్కడ ఆగాలో ఎలా తెలుస్తుంది? ఆగమని ముందే చెప్పిపెట్టుకోవాలా, లేక చేస్తూ చేస్తూ ఉంటే దానంతటదే తెలుస్తుందా? నాలుగు రోజులుగా ఇదే ఆలోచన. నిద్ర కూడా పట్టడం లేదు.

నీ పెద్దమ్మ


మార్చి 5
వాట్సన్‌విల్

పెద్దమ్మా,

ఇది సొరుగులోకి వెళ్తుందని తెలిసే రాస్తున్నాను. నెల తర్వాత చదివే ఉత్తరం రాయడం సమాధిలోకి చీటీ వేసినట్టుంది. ఉపమానం బాగాలేదు, మన్నించు.

నీ సందేహం చదివి నాకు గుండె జారింది. మళ్లీ మళ్లీ చేసే పని ఎక్కడ ఆపాలి అంటే, నువ్వు మఠం వదిలేద్దామనుకుంటున్నావా? రోజుకి ఏడుసార్లు లేచి అవే కీర్తనలు పాడటం విసుగొచ్చిందా? పన్నెండేళ్ల కిందట నువ్వు వెళ్తానన్నప్పుడు పదేళ్లవాణ్ణి, గేటు పట్టుకుని వేలాడాను. ఇప్పుడు చెప్తున్నాను, నువ్వు వెళ్లింది సరైన చోటికే. వెళ్లినప్పుడు నీ ముఖం నాకు గుర్తుంది. అయినా వచ్చేస్తానంటే నీ గది ఖాళీ చేస్తాను, నేను సోఫామీద పడుకుంటాను. ఇంకో రెండు పేజీలు కూడా దీనిమీదే రాశాను, జతచేస్తున్నాను.

ఇక్కడి సంగతి. క్లాసులో ఒక దయ్యం దొరికింది. చేరిన దగ్గర్నుంచి ఒక్క హోంవర్క్ పంపలేదు, ఒక్క జవాబు లేదు. మొన్న మంగళవారం డీన్ హాలరన్ నన్ను పిలిపించాడు. మిగతా పదమూడు మందిని వదిలి నన్నే ఎందుకో అడక్కు. సన్నగా, తెల్లగా, చల్లగా ఉంటాడు. గొంతు పెంచడు. క్లాసు నిలబెట్టుకోవడానికి ఎవరైనా విద్యార్థి దొంగపేరు చేర్పించినట్టు తేలితే అది వాడి రికార్డులోకి ఎక్కుతుందని, రికార్డు మార్కులతోపాటు యూనివర్సిటీకి వెళ్తుందని నిదానంగా చెప్పాడు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు. జవాబు చెప్పి బయటికొచ్చాను.

క్లాసు ఆపలేదు. ఇప్పటికే నెల నడిచింది కాబట్టి పద్నాలుగుమందితోనే నడవనిస్తామన్నారు. నేను నవ్వాలి. బుధవారం లూప్‌ల మీద పరీక్షలో నూటికి తొంభై ఏడు వచ్చాయి. అయినా నవ్వలేదు.

అమ్మతో సరిగా మాట్లాడటం లేదు. తను ఒక పని చేసిందని నా అనుమానం. అది ఇక్కడ రాయను, మదర్ గారు చదువుతారు. అమ్మ బెల్లం పాకంలో నానిన ఉపవాసం రొట్టె చేసి బల్లమీద పెడుతుంది, నేను తింటాను, ఇద్దరం గోడవైపు చూస్తాం.

ఏప్రిల్ చివర్లో యూనివర్సిటీ జవాబు వస్తుంది. అందాకా మెయిల్ తెరవడం మూయడం, తెరవడం మూయడం.

ఎలిసేయో


ఏప్రిల్ 6, ఈస్టర్ సోమవారం
మఠం

ఎలిసేయో,

క్రీస్తు లేచాడు. సొరుగు తెరుచుకుంది. అందులో నీ ఉత్తరం, ఒక కాలేజీ కవరు, నా హోంవర్క్ తొమ్మిది ఉన్నాయి.

అవును, నా హోంవర్క్. ఈస్టర్‌కి చెప్తానన్న మాట అదే. నలుగురిని పంపమని నువ్వు జనవరిలో రాశావు. మదర్ బెనిగ్న దాన్ని మనవిగా తీసుకున్నారు. అందరినీ కూర్చోబెట్టి మూడు రోజులు ఆలోచించి, నలుగురిని ఇవ్వలేం, ఒకరిని ఇవ్వగలం అన్నారు. పొలమూ బూజూ తెలిసినదాన్ని కదా, నన్ను ఎంచారు. మీ అమ్మ అల్మరాలోంచి నా పాత కాగితాలు పంపింది, వాటిలో నేనింకా మఠానికి రాకముందు అంపారో సవాలానే. సిస్టర్ ఫిలొమెనా వాటిని తీసుకుని ఫిబ్రవరి రెండున మీ కాలేజీ కిటికీ దగ్గర వరసలో నిలబడింది. మా మఠానికి ఇంటి నంబర్ లేదు, ఫారంలో నంబర్ ఉండి తీరాలన్నారట, అందుకని మీ ఇంటి చిరునామా రాసింది. నీకు చెప్పొద్దని మీ అమ్మకి నేనే రాశాను. నువ్వు నోరు కట్టుకోలేవు.

శనివారం శనివారం ఫిలొమెనా పాఠాలు అచ్చుతీసి తెచ్చేది, ఆ పేజీ ఎవరైనా తెరవొచ్చట. పగటి పని గంటలో ఒక అరగంట మదర్ నాకు వదిలేశారు. మొదటి లెక్క, బూజు జాతకంలో నాలుగక్షరాలూ ఎన్నెన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టే ప్రోగ్రామ్. కాగితం మీద పెన్సిల్‌తో రాశాను. కంప్యూటర్ లేదు కాబట్టి ఆ పని నేనే చేశాను, రెండువందల అక్షరాలు ఒక్కొక్కటే వేలుపెట్టి. అదెక్కడ ఆగాలో తెలియకే నీకు రాశాను. నువ్వు నా దైవపిలుపు గురించి మూడు పేజీలు రాశావు. మదర్ బెనిగ్న కళ్లు తుడుచుకున్నారు. ఒకే పని మళ్లీ మళ్లీ చేయించే ఆ లూప్ మాత్రం నాకు దాంతో అర్థం కాలేదు. అది పాఠాల పదమూడో పేజీలో ముందే నాకు దొరికింది.

తపస్సు కాలం రాగానే, హోంవర్క్ ఉత్తరమా కాదా అన్న ప్రశ్న వచ్చింది. రాసినది కాబట్టి, వేరొకరికి పంపేది కాబట్టి, జవాబు ఆశించేది కాబట్టి ఉత్తరమే అని మదర్ తీర్పు చెప్పారు. అలా తొమ్మిదీ సొరుగులో ఉండిపోయాయి. గడువు దాటితే మార్కులు తగ్గుతాయని తెలుసు, పేరే పోతుందని ఎవరికి తెలుసు?

ఇక కాలేజీ కవరు. మీ అమ్మ విప్పకుండా ఇక్కడికి తిప్పి పంపింది. ఆ చిరునామాలో అంపారో సవాలా అనే వ్యక్తి లేదని విచారణలో తేలింది కాబట్టి పేరు కొట్టేశామని ఉంది. నేను పన్నెండేళ్లుగా 'నేను ఏమీ కాను' అని సాధన చేస్తున్నాను, కుదరడం లేదు. మీ కాలేజీవాళ్లు ఒక్క కాగితంతో తేల్చేశారు. మఠమంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత నా గదికి వెళ్లి కాసేపు కూర్చున్నాను.

ఇప్పుడు విను. నాకా క్లాసు పూర్తిచేయాలనుంది. మొదట్లో నీకోసమే. ఇప్పుడు కాదు. నడిమి ఆకులు ఎందుకు పచ్చగా నిలబడతాయో తెలిసేదాకా వచ్చి, మధ్యలో తోసేస్తే ఊరుకోను. పేరు మళ్లీ చేర్చమని అర్జీ పెట్టుకోవచ్చట, ఏప్రిల్ ముప్పై ఆఖరు. మదర్ గారు ఒప్పుకున్నారు. దానికి ఈ మనిషి ఉందని డీన్ ముందు ఒకరు సాక్ష్యం చెప్పాలి. ఫిలొమెనా మాట పనికిరాదు, కాలేజీకి సంబంధించినవాళ్లే కావాలన్నారు.

ఆ కాలేజీలో నన్ను ఎరిగినవాడివి నువ్వొక్కడివే. వెళ్లి చెప్పు.

నీ పెద్దమ్మ, మీ క్లాసులో పదిహేనోది


ఏప్రిల్ 26
వాట్సన్‌విల్

పెద్దమ్మా,

ఈ ఉత్తరం ముందు మదర్ గారు చదువుతారని తెలుసు. చదవనీ. ఆపమని అడగను.

శుక్రవారం జవాబు వచ్చింది. బయోఇన్‌ఫర్మాటిక్స్‌లో సీటు ఇచ్చారు. అమ్మ వంటింట్లో నేలమీదే కూర్చుండిపోయింది, తర్వాత లేచి ముఖం కడుక్కుని పొసోలే పులుసుకి మాంసం తెచ్చింది, పక్కింటివాళ్లని, ఎదురింటివాళ్లని, నాకు పరిచయం లేనివాళ్లని కూడా పిలిచింది. అందరూ నా భుజం తట్టారు. కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది. ఈ క్లాసు పాసవ్వాలి, రికార్డులో నడవడికకి సంబంధించిన మచ్చ ఉండకూడదు. ఉంటే సీటు రద్దు చేయొచ్చు.

నీ ఉత్తరం పదమూడున అందింది. రెండు వారాలు జవాబు రాయలేదు. పని ఎక్కువైందని ఇప్పుడు రాయబోయి కొట్టేశాను. ఖాళీగానే ఉన్నాను. నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని తిరిగాను.

రేపు తొమ్మిదింటికి డీన్ దగ్గరికి వెళ్తున్నాను. అర్జీ మీద సంతకం పెడతాను, నీ తొమ్మిది హోంవర్కులూ మాస్టారి బల్లమీద పెడతాను. నిన్న ఫిలొమెనా తెచ్చిచ్చింది, చూశాను. ఏడోది నాదానికంటే బాగుంది. కానీ నేను మామూలు సాక్షిలా వెళ్లలేను. నేను నోరు తెరవగానే డీన్ మార్చి మూడో తేదీ కాగితం తీస్తాడు. అందుకని అతనికంటే ముందు నీకు చెప్పాలి.

ఆ రోజు అతను తెర నావైపు తిప్పాడు. దానిమీద అంపారో సవాలా అని ఉంది, కింద మన ఇంటి నంబర్. "ఈమె నీకు తెలుసా?" అని అడిగాడు.

అంతకుముందు వారం అమ్మ అల్మరాలో నీ కాగితాల కవరు కనబడలేదు. నాకోసం అమ్మే నీ పేరు దొంగగా చేర్చిందనుకున్నాను. అమ్మని కాపాడటానికే అలా చెప్పానని దాదాపు రెండు నెలలుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. పక్కవాళ్లకి చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ నిజం అది కాదు. ఆ క్షణాన నాకు అమ్మ గుర్తు రాలేదు, నువ్వూ గుర్తు రాలేదు. సీటు గుర్తొచ్చింది. బైబిల్లో అబద్ధమాడిన శిష్యుడికి కూసినట్టు ఏ కోడీ కూయలేదు. మూలనున్న ప్రింటర్ మాత్రం ఒక కాగితం బయటికి తోసింది. నీకొచ్చింది అదే అయ్యుంటుంది. విచారణ అంటే నేనే పెద్దమ్మా, ఇంకెవరినీ అడగలేదు.

నేను గొంతు సవరించుకోను కూడా లేదు. అతని కళ్లలోకి చూసి అన్నాను, "తెలియదు సార్. మా ఇంట్లో అలాంటి మనిషెవరూ లేరు" అని.

ఎలిసేయో